బొమ్మల కింద ఊపిరి

“అది తాళంచెవి కాదు. తాళంచెవి బొమ్మ,” అంది మా అత్త సిద్దమ్మ. అప్పటికి ఆ మాట అనడం మూడోసారి.

“తాళంలో పెడితే తిరుగుతాదా లేదా? నువ్వే పోయి తిప్పి చూడు,” అన్నాడు మా ఆయన లక్ష్మీపతి.

“తిరిగేదంతా తాళంచెవేనా? మిట్ట మీద గాలిమర గూడా తిరుగుతాది.”

“నీకు కావాల్సింది మేకుకు తాళంచెవి పడడం. పడింది. ఇంక తిను మా.”

అత్త కంచాన్ని అరచేత్తో కొద్దిగా ముందుకు తోసింది. సంగటి ముద్ద మీద ఆవిరి ఆగిపోయి చాలాసేపైంది. ఆమె గోడకు ఆనుకుని వంటింటి మేకు వైపే చూస్తోంది. పొద్దున్నే ఆయన రాయదుర్గం పోయి చేయించుకొచ్చిన నకలు తాళంచెవి ఆ మేకుకు వేలాడుతూ తళతళ మెరుస్తోంది. అసలుది ఆయన మొలతాడుకే ఉంది.

“అవ్వా, దేవుడే ఓవర్‌టైం చేస్తాండాడు. నువ్వు తినకపోతే ఎట్లా?” అంది మా కూతురు జ్యోతిలక్ష్మి.

“దేవునికి కూలి ఎవురిస్తాండారే?” అంది అత్త. జ్యోతి నవ్వింది. అత్త నవ్వలేదు.

మాది తాళం ఇల్లు. గుమ్మఘట్ట దాటి కన్నడ సీమ వైపు పోయే దారిలో, మా ఊరి మిట్ట మీద చెన్నరాయుడి గుడి ఉంది. గుడి అందరిదీ. గుడిలోని బొమ్మల మంటపం తలుపు మాత్రం మా ఇంటివాళ్ళే తీయాలి, మా ఇంటివాళ్ళే మూయాలి; ఆ తాళం మీద ఊళ్ళో ఇంకొకరు చెయ్యి వేయరు. పొద్దెక్కినాక తీసి, ఎండ నడినెత్తికి వచ్చేసరికి మూసి, తాళంచెవి ఇంటికి తెచ్చి మేకుకు తగిలించాలి. ఆ తర్వాతే ఇంట్లో కంచాలు పెట్టేది. నేను కాపురానికి వచ్చిన రోజు నుంచీ మా ఇంట్లో మధ్యాహ్నమంటే మేకుకు ఇనుము తగిలిన చప్పుడే.

ఆ ఎండాకాలం ఆ చప్పుడు ఆగిపోయింది.

శివరాత్రి వెళ్ళిన కొత్తలో జ్యోతి మంటపం కప్పు మీది బొమ్మలను ఫోన్‌లో వీడియో తీసి పెట్టింది. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్న పిల్ల, ఊరికే పెట్టింది. ఉగాదికల్లా మా ఊరి దారిలో కార్లు ఒకదాని వెనక ఒకటి నిలబడిపోయాయి. బళ్ళారి నుంచి, చిత్రదుర్గం నుంచి, బెంగళూరు నుంచి జనం. మధ్యాహ్నం మూస్తామంటే ఇంత దూరం వచ్చినామే అని బతిమాలేవాళ్ళు. మా ఆయన మెత్తని మనిషి. ఒక బస్సు కోసం ఆగితే, అది పోయేలోపు ఇంకో బస్సు వచ్చేది. తాళంచెవి సాయంత్రం దాకా ఇల్లు చేరేది కాదు. అత్త అంతవరకూ పస్తు. అది చూడలేకే ఆయన నకలు చేయించాడు.

అత్త మాట అబద్ధమని నేను అనలేదు. ఆయన చేసింది తప్పని కూడా అనలేకపోయాను. వరసగా చెనిక్కాయ పంట పోతూ ఉంది. ఏటా ఉగాది కాగానే ఆయనా, మా మరిది తిప్పేస్వామీ బెంగళూరులో కట్టడాల పనికి పోయేవాళ్ళు. తొలివానకు తిరిగి వచ్చేవాళ్ళు, సిమెంటు తిన్న చేతులతో. ఆ ఏడు పోలేదు. తిప్పేస్వామి మిట్ట కింద టిఫిన్ అంగడి పెట్టాడు. బీడుపడిన మా చేను కార్లు నిలిపే జాగా అయింది. జ్యోతి వచ్చినవాళ్ళకు బొమ్మల గురించి చెప్పేది. నేను అంగడికి చిత్రాన్నం వండి పంపేదాన్ని. ఎండాకాలంలో మా ఇంటి మగవాళ్ళు మా ఇంటి వసారాలో పడుకోవడం నా కాపురంలో అదే మొదటిసారి.

ఆ పూట అత్త తినలేదు. మర్నాటి నుంచి మధ్యాహ్నం కంచం ముందుకు రావడమే మానుకుంది.

మంటపం కప్పు మీద ఆడవాళ్ళ వరుస ఉంటుంది. హారతి పళ్ళేలు పట్టుకుని దేవుడి పెళ్ళికి నడిచిపోతుంటారు. పక్కకు తిరిగిన ముఖాలు, చెవి దాకా సాగిన ఒక్కో కన్ను. అందరూ గర్భగుడి వైపు నడుస్తుంటే చివరామె మాత్రం వెనక్కి తిరిగి తలుపు వైపు చూస్తుంటుంది. ఏం మరిచిపోయి తిరిగిందో ఎవరికీ తెలియదు.

నన్ను కొత్త కోడలిగా అక్కడికి తీసుకుపోయినప్పుడు అత్త నా చెంగు తీసి నా ముక్కుకూ నోటికీ అడ్డంగా పెట్టింది. “ఊపిరి బిగబట్టి చూడు. చాలకపోతే బయటికొచ్చి విడువు. బొమ్మల కింద విడవొద్దు,” అంది. ఆ సంగతి మా ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఊపిరి తగిలితే బొమ్మలకు ప్రాణం వస్తుంది. ప్రాణం వస్తే ఉన్నచోట ఉండవు, నడిచి పోతాయి. అందుకే మా ఊరివాళ్ళు బావిలో మునిగేవాళ్ళ మాదిరి బుగ్గలు ఉబ్బించుకుని లోపలికి పోయి, బయటపడగానే బుస్సుమని విడిచి, ఒకరినొకరు చూసి నవ్వుకునేవాళ్ళు.

అత్త శుక్రవారం శుక్రవారం తలకు పోసుకుని పోయేది. ఆమె పోయేది దేవుడి కోసం కాదు, ఆ చివరామె కోసం. మా ఆయనకు ఒక అక్క ఉండేది, ఈశ్వరి. పెళ్ళీడు రాకముందే జ్వరంతో పోయింది. అప్పట్లో ఫోటో తీయించాలంటే రాయదుర్గం పోవాలి. పోదాం పోదాం అనుకుంటుండగానే పిల్ల పోయింది. ఆ చివరామె ముఖం ఈశ్వరి ముఖమేనని అత్త అంటుంది. ఆ ముక్కు, పెదవి కింద ఆ గదవ, కాటుక దిద్దుకునే తీరు. అవునో కాదో చెప్పగలిగినవాళ్ళు ఊళ్ళో ఎక్కువమంది మిగల్లేదు. లోపలికి పోయి, ఊపిరి బిగబట్టినంతసేపు బిడ్డను చూసుకుని, బయటికి వచ్చి విడిచేది. వయసు మీద పడేకొద్దీ ఆ చూపు చిన్నదవుతూ వచ్చింది.

ఎండ ముదిరేకొద్దీ జనం పెరిగారు. మంటపానికి కిటికీలు లేవు, ఒకటే తలుపు. లోపల ఒకరికొకరు ఆనుకుని నిలబడి, తలలు వెనక్కి వంచి, నోళ్ళు తెరుచుకుని పైకి చూసేవాళ్ళు. ఒకరోజు ఒక పెద్దామె సొమ్మసిల్లి పడిపోయింది. మర్నాడే తిప్పేస్వామి బెళుగుప్ప నుంచి రెండు పెద్ద కూలర్లు తెచ్చి మంటపంలో పెట్టించాడు.

“తాగేదానికే ట్యాంకరు తోలించుకుంటాండాం. కూలర్లకు గూడా నీళ్ళు పోస్తావా తిప్పేస్వామీ?” అన్నాను.

“ఎవురన్నా పోయినారంటే గుడికి తాళమేస్తారు వదినా. ట్యాంకరు ఇంకోటి చెప్తాలే.”

“తాళమేసేది మనమే గదా,” అని నవ్వాడు మా ఆయన. 

కూలర్లు వచ్చిన కొన్నాళ్ళకు మంటపం కప్పు నుంచి నీటి చుక్క పడింది.

నేను అప్పుడు అక్కడే ఉన్నాను, ఆయనకు మజ్జిగ తీసుకుపోయి. చళ్ళకెర నుంచి వచ్చిన ఒకామె నుదుటి మీద పడింది. ఆమె చెయ్యి పెట్టి తుడుచుకుని, చెయ్యి చూసుకుని, పైకి చూసింది. “అళ్తావళె. అమ్మ అళ్తావళె,” అంది సన్నగా. అమ్మ ఏడుస్తోంది అని. ఆ మాట మనిషి నుంచి మనిషికి పాకి తలుపు దాటి మెట్ల మీదికి పోయింది. ఇంకొక చుక్క పడింది. అది నేలపాలు కాకుండా పట్టుకోవాలని అన్ని చేతులూ ఒకేసారి పైకి లేచాయి.

బయట ఆకాశంలో మబ్బు తునక లేదు. మిట్ట మీద గాలిమరలు ఎండలో నిలిచిపోయి ఉన్నాయి. ఊళ్ళో బోర్లు దుమ్ము కక్కి ఏళ్ళయింది. అలాంటి చోట రాతి కప్పు నుంచి నీళ్ళు పడితే మావాళ్ళు ఏమనుకుంటారు? వాన గుర్తు అనుకున్నారు. నేనూ అనుకున్నాను. చుక్క నా మణికట్టు మీద పడితే కళ్ళకద్దుకున్నాను.

ఆ తర్వాత జనం చెంబులు, సీసాలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఊపిరి బిగబట్టేవాళ్ళు ఎవరూ లేరు, మా ఊరివాళ్ళు కూడా. గోవిందా అని అరిచే నోటితో ఊపిరి ఎట్లా పట్టేది?

నాకు సంగతి తెలిసింది వంటింట్లో. చిత్రాన్నానికి పెద్ద గుండిగలో అన్నం వార్చి, మూత తీసి పక్కకు వంచాను. మూత లోపలి నుంచి నీళ్ళు గొలుసు మాదిరి జారి బూడిదలో పడ్డాయి. రోజూ పడేవే. ఆ రోజు మూత చేత్తో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

మధ్యాహ్నం ఆయనా తిప్పేస్వామీ నీళ్ళు తాగడానికి వచ్చినప్పుడు చెప్పాను.

“ఏమప్పా, ఆ కూలర్లు తీసేయండి. కప్పుకు పట్టేది గుండిగ మూతకు పట్టే నీళ్ళే. జనం ఊపిరి, కూలర్ల తేమ. బొమ్మలు నానిపోతాండాయి.”

ఆయన గ్లాసు అడుగు చూస్తూ కూర్చున్నాడు. అంటే ఆయనకు ముందే తోచిందన్నమాట.

తిప్పేస్వామి మాత్రం తల గోక్కుంటూ మెల్లగా అన్నాడు. “నాకూ తెలుసు వదినా. కూలర్లు తీస్తే కారదు. కారకపోతే ఎవురొస్తారు? ఈ ఎండాకాలం ఒక్కటి పోనీ. నానితే మళ్ళా ఆరుతాదిలే. రాయి గదా.”

“రాయి ఆరుతాది. రంగు?”

“వదినా, పోయినేడు ఈ రోజుకు నేనూ అన్నా పదో అంతస్తులో ఉన్న్యాం. పక్కనోడు పడిపోయినాడు సూడు, ఆ కట్టడం. నువ్వు రంగు గురించి చెప్తాండావు.”

ఖాళీ గ్లాసులు తీసుకుని పొయ్యి దగ్గరికి పోయాను.

ఇంకొక రోజు గుమ్మఘట్ట దారిలో లారీ అడ్డం పడి బస్సులు ఆగిపోయాయి. నడిమధ్యాహ్నం మిట్ట ఖాళీ అయింది. ఆయన తలుపు దగ్గరికి వేసి, గుడి అరుగు నీడన నడుము వాల్చి, “లోపల ఊడ్చి రాపో, జనం వచ్చేలోపల,” అన్నాడు. నేను పొరక తీసుకుని పోయాను.

గడప దాటుతూ అలవాటుగా ఊపిరి బిగబట్టాను.

కరెంటు లేదు. కూలర్లు ఆగి ఉన్నాయి. లోపల మనిషన్నవాళ్ళు లేరు. అయినా ఊపిరి వినిపించింది. ఒకరిది కాదు. చాలామంది నిద్రపోతున్న గదిలోకి పోతే ఎట్లా ఉంటుందో అట్లా, మెల్లగా, ఒకరిది ఎక్కుతుంటే ఒకరిది దిగుతూ. నాది కాదని నాకు తెలుసు, నేను బిగబట్టే ఉన్నాను. పొద్దున్నుంచి వచ్చినవాళ్ళందరూ విడిచి పోయింది బయటికి దారి దొరక్క అక్కడే తిరుగుతున్నట్టుంది. గాలి ముఖానికి వెచ్చగా, తడిగుడ్డ మాదిరి తగిలింది.

తర్వాత నేల చూశాను. బండల మీద తడి గుర్తులు. ఒకదాని ముందు ఒకటి, మనిషి అడుగుకూ అడుగుకూ ఎంత ఎడం ఉంటుందో అంత ఎడంగా, గర్భగుడి దగ్గర మొదలై తలుపు వైపు వచ్చాయి. చివరి గుర్తు గడపకు జానెడు ఇవతల ఉంది.

పైకి చూస్తే అర్థమైంది. బొమ్మలు వరుసగా ఉన్నాయి కాబట్టి చుక్కలూ వరుసగానే పడ్డాయి. అర్థమైనా నా కాళ్ళు ఆ గుర్తులను దాటలేదు. గోడ పక్కనే పోయి చివరామె కింద నిలబడ్డాను.

కంటికి కాటుక లేదు. చెవి దాకా సాగిన ఆ నల్లని గీత ఎక్కడిదక్కడ కరిగిపోయింది. కన్ను మాత్రం మిగిలింది, గీత లేకుండా, గుడ్డు లోపలి తెలుపు మాదిరి. ముక్కు ఉంది. గదవ ఉంది. ఏమీ కనపడని ఆ కంటితో ఆమె ఇంకా తలుపు వైపే చూస్తోంది. ఇంతకు ముందుకన్నా గడపకు దగ్గరగా వచ్చినట్టు అనిపించింది.

ఊపిరి చాలక బయటపడ్డాను. ఎండలో నిలబడి విడిచాను. లోపల ఎవరో నాతో పాటే విడిచినట్టు విన్నాను.

“ఊడ్చినావా?” అని అడిగాడు ఆయన కళ్ళు తెరవకుండానే.

“ఊ,” అన్నాను. పొరక చేతిలోనే ఉంది, పొడిగా.

ఈ సంగతి అత్తకు చెప్పలేదు. ఆమె కొన్ని శుక్రవారాలుగా మిట్ట ఎక్కడం లేదు. ఒకసారి వరుసలో నిలబడింది గానీ మధ్యలోనే తిరిగి వచ్చేసింది. “తోస్తాండారు మే. తోసేవాళ్ళ మధ్య ఊపిరి యాడ బిగబట్టేది? దాని దగ్గరికి పోకముందే అయిపోతాది,” అంది నాతో.

అందుకే మా ఆయన ఆమెకు తీర్థం తెచ్చాడు. ఆయన మంచికే తెచ్చాడు, అది మాత్రం చెప్పాలి. శుక్రవారం పొద్దున ఇత్తడి చెంబు రెండు చేతులతో పట్టుకుని వచ్చి అత్త ముందు పెట్టాడు.

“మా, నువ్వు రాలేకపోతాండావని తెచ్చినా. అక్క బొమ్మ కిందే పట్టినా. అంతా ఆడ పడిందే, వేరేది కలపలేదు.”

అత్త చెంబును కళ్ళకద్దుకుంది. అరచేతిలోకి వంచుకోబోయి ఆగింది. నీళ్ళు తేరుకున్నాయి. చెంబు అడుగున నల్లగా ఏదో పేరుకుని ఉంది. ఆమె నీళ్ళలోకి వేలు పెట్టి, అడుగున రాసి, వేలు బయటికి తీసి బొటనవేలితో నలిపింది. వెలుతురుకు పెట్టి చూసింది.

“కాటుక,” అంది.

బయట ఏదో బస్సు హారను కొట్టింది. అత్త ఆ వేలు కొంగుకు తుడుచుకోలేదు. గుప్పిట్లో పెట్టుకుంది.

“ఇంకా ఏమన్నా మిగిలిందా దానికి?” అని అడిగింది కొడుకును.

“ముఖం ఉండాది మా. కన్ను కొంచెం…” అని ఆయన చెప్పలేకపోయాడు.

జ్యోతి గబగబా వచ్చి అవ్వ పక్కన కూర్చుంది. “అవ్వా, ఈశ్వరత్త యాడికీ పోలేదు. సూడు, నా ఫోన్లో ఉండాది,” అంటూ తన మొదటి వీడియో తీసి, చివరామె ముఖం దగ్గర ఆపి చూపించింది. కాటుకతో, నిండు కన్నుతో ఆ ముఖం వెలిగింది. అత్త దాన్ని చూడగానే తెలియకుండానే ఊపిరి బిగబట్టింది. బుగ్గలు లోపలికి పోయి, మెడ నరాలు లేచాయి. చూస్తూనే ఉంది. కాసేపటికి ఫోన్ వెలుగు దానంతట అది తగ్గి, తెర నల్లబడిపోయింది. ఆ నలుపులో అత్త ముఖమే కనపడింది.

ఆమె ఊపిరి విడిచింది. “బొమ్మకు బొమ్మ,” అంది. ఫోన్ మెల్లగా జ్యోతి ఒళ్ళో పెట్టింది.

ఆ రోజు సాయంత్రానికే ఎవరో కొత్త వీడియో పెట్టారు. అమ్మ కన్ను మూసింది అని. నిన్నటిదాకా తెరిచి ఉన్న కన్ను ఇప్పుడు మూసుకుందని, ఏడ్చి ఏడ్చి మూసుకుందని. ఇంకో రెండు రోజుల్లో ఆదివారం, అమావాస్య. గుడి పెద్దలు కూర్చుని మాట్లాడుకుని, ఆ రోజు తెల్లవారక ముందు నుంచీ రాత్రంతా తలుపు మూయకూడదని అనుకున్నారు. తిప్పేస్వామి ఇంకో నాలుగు కూలర్లకు చెప్పి వచ్చాడు.

“కన్ను మూయలేదు చిన్నాయనా, చెరిగిపోయింది,” అంది జ్యోతి. “ముందు ఎట్లుండేదో నా వీడియో చూపిస్తే అదే అబద్ధమంటాండారు నాతోటి.”

“అనుకోనీ. వాళ్ళట్లా అనుకుంటే నీకు పోయేదేముంది?” అన్నాడు తిప్పేస్వామి. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. ఆ పిల్ల మర్నాడు మిట్ట ఎక్కలేదు. తలనొప్పి అని పడుకుంది.

శనివారం మధ్యాహ్నం ఆయన త్వరగా ఇల్లు చేరాడు. రేపు నిద్ర ఉండదని, మంటపం మూసి వచ్చి వసారాలో పడుకున్నాడు. నేను అంగడి గిన్నెలు తోమడానికి పెరట్లోకి పోయాను.

మా పెరట్లో ఎండిన బోరు ఒకటి ఉంది. మా మామ ఉన్నప్పుడు వేయించింది. నీళ్ళు పడలేదు. మేకపిల్లలు పడతాయని ఇనుప గొట్టం నోటి మీద బండరాయి కప్పి పెట్టాం. అత్త ఆ గొట్టం పక్కన కూర్చుని ఉంది. రాయి పక్కకు జరిగి ఉంది. అది ఆమె ఒక్కతే ఎట్లా జరిపిందో నాకు ఇప్పటికీ తెలియదు. తల పక్కకు వంచి, చెవి గొట్టం వైపు పెట్టి, కదలకుండా ఉంది. ఊపిరి కూడా తీసుకుంటున్నట్టు లేదు.

“ఏమత్తా, ఎండలో కూర్చున్యావు?”

చెయ్యి ఎత్తి ఆగమంది. కాసేపు అయ్యాక బుస్సుమని ఊపిరి విడిచింది.

“సప్పుడు వింటాండా,” అంది.

“ఏం సప్పుడు?”

“అదే రాలేదు. నీళ్ళుంటే వచ్చేది.”

నేను వసారా వైపు చూశాను. ఆయన బోర్లా పడుకుని నిద్రపోతున్నాడు. మొలతాడు కొస ఖాళీగా చాప మీద పడి ఉంది.

అత్త రాయి మీద చెయ్యి వేసి లేవబోయింది. ఆ వేలికి నల్లని మరక ఇంకా పోలేదు.

“రాయి జరుపుదాం పట్టు మే,” అంది.

“ఉండత్తా,” అన్నాను. “ఇప్పుడే జరపొద్దు.”

వంటింట్లోకి పోయాను. మేకుకు నకలు వేలాడుతోంది, ఇంకా తళతళ మెరుస్తూ.

దీపాలు పెట్టేవేళకు ఇల్లంతా వెతుకులాట. ఆయన చాప దులిపాడు, దుప్పటి దులిపాడు, అంగడి దాకా దారంతా చూసుకుంటూ పోయి వచ్చాడు. ముఖం పాలిపోయింది. జ్యోతి టార్చి పట్టుకుని వసారా మూలలు చూస్తోంది. అత్త ఎప్పటి చోటే గోడకు ఆనుకుని కూర్చుంది. నేను పొయ్యి దగ్గర సంగటి గెలుకుతున్నాను.

తిప్పేస్వామి చెప్పులు కూడా విడవకుండా లోపలికి వచ్చాడు. “అన్నా, అప్పుడే రెండు బస్సులు దిగినాయి. మిట్ట మీదే పండుకుంటామంటాండారు. కూలర్లు లోపల పెట్టాల, తాళంచెవి ఇయ్యి.”

“కనపడ్డంలేదురా.”

తిప్పేస్వామి ఒక్క క్షణం బిత్తరపోయి, వెంటనే నవ్వేశాడు. “దానికేం. నకలు ఉండాది గదా. దీనికే గదా చేయించింది నువ్వు.”

అందరూ మేకు వైపు చూశారు. మేకు ఉంది. మేకు కింద గోడ మీద, ఏళ్ళ తరబడి తాళంచెవి ఆనిన చోట, దాని ఆకారంలో మసి పట్టని తెల్లని గుర్తు ఉంది. అంతే.

“ఎవురు తీసినారు?” అన్నాడు ఆయన. తల్లి వైపు చూశాడు.

“అత్తను అడగొద్దు,” అన్నాను. సంగటి గుండిగ దించి కిందపెట్టాను. “ఆమె ఏసింది ఒకటే. రెండోది నేనేసినా. పెరట్లో బోరులో.”

బయట మిట్ట వైపు నుంచి భజన మొదలైన చప్పుడు, చాలామంది గొంతులు ఒకేసారి ఎక్కి దిగుతూ. నాకు మంటపంలో విన్నదే గుర్తొచ్చింది.

“వదినా, మతి ఉండే చేసినావా?” అన్నాడు తిప్పేస్వామి. “తాళం పగలగొడ్తారు ఊరోళ్ళు. ఏమనుకున్న్యావు?”

“పగలగొట్టాలంటే మొదటి దెబ్బ తాళం ఇంటోళ్ళే వేయాల. మనం వేయకుండా ఇంకోళ్ళు చెయ్యి పెట్టరు, ఆ సంగతి నీకూ తెలుసు. మీ అన్న వేస్తాడా, నువ్వు వేస్తావా? ఆడ ఇంకా మిగిలింది మీ అక్క ముక్కూ గదవా.”

తిప్పేస్వామి అత్త వైపు చూశాడు. అతను ఈశ్వరి చంకలో పెరిగినవాడు. ఆమె పోయేనాటికి మాటలు కూడా సరిగా రావు. అక్క ముఖం ఎట్లుండేదని అడిగితే అతను కూడా మిట్ట వైపే చూపించేవాడు. వాకిట్లోకి పోయి చెప్పులు విడిచి వచ్చాడు.

“మళ్ళా బెంగళూరు పోవాల్నా?” అన్నాడు, నిలబడే.

“పోవాల. ఈసారి నేనూ వస్తా. కట్టడాల కాడ వంట చేసేదానికన్నా పనికొస్తా.”

“నేను అవ్వ దగ్గర ఉంటా,” అంది జ్యోతి. టార్చి ఆర్పేసింది.

ఆయన చాలాసేపు ఆ తెల్లని గుర్తు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత గోడ దగ్గరికి పోయి తల్లి పక్కన కూర్చున్నాడు. ఆ పక్కన తిప్పేస్వామి కూర్చున్నాడు. జ్యోతి కంచాలు తెచ్చి పరిచింది. అత్త ముందు కూడా ఒకటి పెట్టింది. అది ఆమె వద్దంటుందేమోనని అందరం చూశాం.

అత్త కంచాన్ని తన వైపు లాక్కుంది.

“తాళంచెవి ఇంట్లోనే ఉండాది గదా,” అంది.

నేను చేతులు తడుపుకుని సంగటి ముద్ద చేశాను. “రెండూ ఇంటికొచ్చినాయి,” అన్నాను అందరితో. “ఇంక బయటికి పోవు. కప్పు ఆరేదాకా, ఊరు మళ్ళా ఊపిరి బిగబట్టేదాకా ఆ తలుపు తెరిచేది లేదు. పొద్దున పోయి ఊరోళ్ళకు నేనే చెప్తా. తినండి.”